సిసిలియా నేసిన చాప

ఆ రోజు విలిసోని కొట్లో నేనూ ఉన్నాను. ఇది చెవిన పడ్డ మాట కాదు, కళ్ళారా చూసిన సంగతి.

మా లోసలీనె రుమాలు మూట విప్పి బల్ల మీద పెట్టింది. గుమ్మడికాయల షెడ్డులో సంపాదించిన డబ్బది. ఓడకెక్కే కాయలు తుడిచి, మచ్చ ఉన్నవి ఏరి పారేసి, పెట్టెల్లో సర్దే పని. పంతొమ్మిదేళ్ళ పిల్ల అరచేతులు నా అరచేతుల్లా మోటుబారిపోయాయి.

"అన్నా, మా అమ్మ చాప ఇచ్చెయ్. అసలూ ఉంది, వడ్డీ కూడా ఉంది. లెక్క చూసుకో."

విలిసోని మూట వంక చూడలేదు. గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

"గడువు దాటిపోయిందమ్మాయ్. ఇంకా అప్పెక్కడిది తీర్చడానికి? ఆ చాప నాదైపోయింది. వచ్చే ఓడకి సిడ్నీ పోతోంది. అక్కడ మనవాళ్ళు పెళ్ళిళ్ళకి కళ్ళకద్దుకుని కొంటారు."

"గడువు సంగతి మా అమ్మకి చెప్పలేదు."

"కాయితంలో ఉంది. మీ అమ్మ సంతకం పెట్టింది."

"ఇంగ్లీషులో ఉంది. మా అమ్మకి ఇంగ్లీషు రాదు."

"అది నా తప్పా? బడి పెట్టింది నేనా?" అని నవ్వాడు. "ఈ డబ్బుతో మంచి చెప్పులు కొనుక్కో, పో."

విలిసోని నా తమ్ముడి కొడుకు. మా దీవుల్లో మేనత్త అడిగితే మేనల్లుడు పంది పిల్లనైనా పడవనైనా ఇచ్చి తీరాలి. అందుకే ఆ పిల్ల నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. నేను నోరు తెరిచేలోపే వాడు రెండు చేతులూ జోడించాడు.

"అత్తా, ఇంటికొచ్చి ఏదడిగినా కాదంటానా? పండక్కి పంది తల నీకే పంపిస్తున్నానా లేదా? కొట్టు సంగతి మాత్రం అడక్కు. ఇంటి ధర్మం వేరు, కొట్టు ధర్మం వేరు."

కొట్లో బిస్కెట్లు కొంటున్నవాళ్ళు తలలు దించుకున్నారు. వాళ్ళలో ఎవరి చాప ఆ వెనక తాకట్టు గదిలో లేదు కనక?

లోసలీనె మూట మళ్ళీ కట్టుకుంది. ముడి బిగించడానికి చాలాసేపు పట్టింది.

ఆ చాప సంగతి చెప్పాలి. లోసలీనె తల్లి సిసిలియా మా చాపల జట్టులో మనిషి. మేం ఆడవాళ్ళం ఒకే పాకలో కూచుని ఒకరి చాప ఒకరం నేసుకుంటాం. మొగలాకులు ఉడకేసి, సముద్రంలో రాళ్ళ బరువు పెట్టి నానేసి, ఎండేసి, గవ్వతో గీకి, దారమంత సన్నంగా చీల్చి అల్లాలి. సిసిలియా అంత సన్నంగా చీల్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆమె చాప మడిస్తే బట్టలా మడత పడేది. కూతురి పెళ్ళికని మొదలుపెట్టింది. కూతురి బడి ఫీజుకని తాకట్టు పెట్టింది. "వచ్చేస్తుందిలే అక్కా, ఎక్కడికి పోతుంది?" అంది నాతో.

ఆ మాటలోనే ఉంది మా తెలివితక్కువతనమంతా. మా లెక్కలో చాప పోయేది కాదు, తిరిగేది. నీ పెళ్ళికి నేనొకటి ఇస్తాను. అది మీ అత్తగారి చావుకి పోతుంది. అక్కణ్ణించి పాస్టరు గారింటికి పోతుంది. ఏ పదేళ్ళకో నా మనవడి పుట్టినరోజుకి నా గుమ్మం తొక్కుతుంది. అంచు చూసి, ఓహో నువ్వా, వచ్చావా అంటాం. కొట్టువాడి చేతిలో పెట్టినా అలాగే తిరిగొస్తుందనుకున్నాం. ఓడెక్కి పోయే చాప ఉంటుందని మాకెవరు చెప్పారు?

సిసిలియా కడుపులో పుండుతో పోయింది. తన చాప ఒంటిమీద లేకుండానే మట్టిలోకి వెళ్ళింది. ఎరువు తెచ్చిన చాపలో చుట్టాం. పిల్ల తండ్రి ఆక్లండులో ఎక్కడో ఉన్నాడంటారు, డబ్బూ లేదు కబురూ లేదు. పిల్ల నా దగ్గర పడుకోడం మొదలుపెట్టింది.

కొట్టు నుంచి వచ్చిన మర్నాడే లోసలీనె తన ఈడు పిల్లల్ని పోగేసింది. షెడ్డు పనివాళ్ళు, ఫీజు కట్టలేక బడి మానేసినవాళ్ళు, పళ్ళు కోయడానికి ఆస్ట్రేలియా వెళ్ళి సగం కూలి కోతల్లో పోగొట్టుకుని వచ్చినవాళ్ళు. అలా వచ్చినవాడే హేమాసి. మనిషి కొబ్బరిచెట్టంత, నోరు గంటంత.

"నేనూ సంతకం పెట్టాను," అన్నాడు హేమాసి. "పడుకునే మంచానికి కోత, ఎక్కే బస్సుకి కోత. చూపించిన చోట పెట్టు అన్నారు, పెట్టాను. బళ్ళో ఇంగ్లండు రాజుల వరస కంఠతా పట్టించారు గదా, ఆ రాజుల్లో ఒక్కడూ అడ్డురాలేదు."

పిల్లలంతా కలిసి బడికి వెళ్ళారు. వడ్డీ ఎలా పాకుతుందో, కాయితం మీద ఏం రాసుంటే సంతకం పెట్టకూడదో బళ్ళో నేర్పండని అడిగారు. హెడ్మాస్టరు మంచివాడే, భయస్తుడు.

"అవి పరీక్షలో రావమ్మా," అన్నాడు.

"పరీక్ష విలిసోని కొట్లో పెడుతున్నారు సార్," అంది లోసలీనె. "ఊరంతా తప్పుతోంది."

అక్కణ్ణించి ఊరి సభకి వెళ్ళారు. మా దగ్గర ఊరి సభలో పెద్దలు మాట్లాడతారు, పిల్లలు నేల మీద కూచుని వింటారు. ఈసారి హేమాసి లేచి నిలబడ్డాడు.

"అయ్యలారా, మా ఫీజుల కోసం పెట్టిన తాకట్లవి. అందులో మాకూ మాట ఉండాలి. ఓడెక్కకుండా చాపలు ఆపించండి."

ఊరి అధికారి బల్ల మీద గుద్దాడు. "కూచోరా! మీసం మొలిచీ మొలవకుండానే సభలో నోరా? విలిసోని చర్చికి రేకులు వేయించాడు. మీరేం వేయించారు?"

"ఆ రేకులు మా చాపలే అయ్యా."

మాట పూర్తికాలేదు. వెనకనించి హేమాసి తండ్రి వచ్చి చెంప మీద కొట్టాడు. ఊరందరి ముందు. అంత పొడుగు కుర్రాడు చెంప పట్టుకుని అలాగే నిలబడ్డాడు, కూచోలేదు. తండ్రి మళ్ళీ కొట్టాడు. అప్పుడు కూచున్నాడు. ఆ తండ్రి పడవ ఇంజను కూడా విలిసోని దగ్గరే తాకట్టులో ఉంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

సభ ముగిశాక లోసలీనె అంది: "బడి నేర్పదు, సభ మాట్లాడనివ్వదు. మనకి పాకుందిగా."

అలా మా చాపల పాక బడి అయింది. మేం అల్లుతుంటే పిల్లలు చెప్పేవాళ్ళు. మొదట్లో మాకు నవ్వులాటే. హేమాసి చొక్కా లోపల కొబ్బరి బోండాం పెట్టుకుని, పొట్ట ముందుకి తోసి విలిసోనిలా నడిచేవాడు. "అత్తా, దండం అత్తా, ఇంటి ధర్మం వేరత్తా!" అనేవాడు. అతెలైత అని ఒక మోటుమనిషి ఉంది మా జట్టులో. నవ్వలేక నవ్వలేక, "ఆ బోండాం దింపరా సచ్చినోడా, నాకు నొప్పులొస్తున్నాయి," అనేది.

ఒకసారి లోసలీనె జానెడు చాప ముక్క అల్లి అందరి మధ్యా పెట్టింది. "ఇది మీది. నా దగ్గర తాకట్టు పెట్టారు." హేమాసిని పిలిచింది. "నెల గడిచింది. వడ్డీ." హేమాసి ఒక పోచ లాగాడు. "మళ్ళీ నెల." ఇంకో పోచ. మేం ఒకపక్క కబుర్లాడుతూనే ఉన్నాం. లాగి లాగి, కాసేపటికి నాలుగు పోచలు మిగిలాయి. అవీ చేతిలో పట్టుకుంటే విడిపోయాయి.

"ఇప్పుడీ చాప ఎవరిది?" అని అడిగింది లోసలీనె.

ఎప్పుడూ గలగలలాడే పాకలో ఆకు చీల్చే చప్పుడు కూడా ఆగిపోయింది. ఫుసి అని నెమ్మదస్తురాలు, విలిసోని లారీ నడిపేవాడి పెళ్ళాం, లేచి బయటికి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. తన కాయితం పట్టుకొచ్చి, "ఇందులో ఏముందో చదవవే," అంది.

పక్క ఊళ్ళ పిల్లలు రావడం మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళలోనూ ఒక్కొక్క విలిసోని ఉన్నాడు.

ఇంతలో నా తమ్ముడు పెనిసిమాని పోయాడు.

వాడు నాకన్నా చిన్నవాడు. వాణ్ణి చంకనెత్తుకుని పీతలు పట్టడానికి వెళ్ళేదాన్ని. కొడుకు కొట్టు పెట్టాక వాడు ఆ కొట్టు గడప తొక్కలేదు. కొడుకుని ఒక్క మాటా అనలేదు. మంచివాళ్ళు నోరు మూసుకుంటే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

విలిసోనికి తండ్రి చావు పెద్దగా జరిపించాలని ఉంది. మా దొర వస్తున్నాడు. ఊరి నేలంతా ఆయనది, మేం ఆయన దయ మీద ఉన్నవాళ్ళం. సిడ్నీ నుంచి చుట్టాలు వస్తున్నారు. చావింట్లో చాపల ఎత్తే మనిషి ఎత్తు. నా మేనల్లుడు ఏం చేశాడంటే, కొట్టు వెనక గది తలుపులు తీయించి, ఇంకా రాని ఓడ కోసం కట్టిపెట్టిన తాకట్టు చాపలన్నీ లారీలో వేయించి తండ్రి శవం కిందా చుట్టూ పరిపించాడు. నా దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు.

"అత్తా, అవి చూపుకే. మట్టి చేశాక మా ఆవిడ మడతపెట్టి కొట్టుకి పంపించేస్తుంది. నువ్వు పంచడానికి దుప్పట్లు విడిగా తెప్పించాను."

"సరే నాయనా," అన్నాను. అప్పటికి నా బుర్రలో తమ్ముడు తప్ప ఏమీ లేదు.

చాపల పాకలోకి వెళ్ళేసరికి అతెలైత శివాలెత్తుతోంది.

"నా చాప వాడి అబ్బ కాళ్ళ కింద ఉంది! నా చేతి అంచు నాకు తెలీదా? వాడు నా చాపతో గొప్పలు పోతాడు. నేనేమో చావింటికి నడుముకి చుట్టుకోను గోనెపట్టా లేక ఏడవాలి!"

మా దగ్గర నడుముకి చాప చుట్టుకోకుండా చావింటికి వెళ్తే బట్టల్లేకుండా వెళ్ళినట్టే. ఊళ్ళో సగం నడుములు ఆ పూట బోడిగా ఉన్నాయి.

"నోళ్ళు మూసుకోండే," అంది ఫుసి. "శవం లేచేదాకానైనా. ఆ లారీ మీద మా పొయ్యి వెలుగుతోంది."

లోసలీనె ఒక మూల కూచుని ఉంది. చావింట్లోకి వెళ్ళి తల్లి చాప చూసి వచ్చింది. పెనిసిమాని తల కిందే ఉంది అది, అన్నిటికన్నా పైన. ఆ పిల్ల నన్ను మెల్లిగా అడిగింది.

"అవ్వా, చావింట్లోకి వెళ్ళిన చాప ఎవరిది?"

సమాధానం తెలియని ఆడది అక్కడ లేదు. చచ్చినవాడి కోసం పరిచిన చాప తెచ్చినవాడిది కాదు. చచ్చినవాడి తల దగ్గర కూచునే ఆడపడుచుది. ఎవరికిస్తే వాళ్ళది. దొరకైనా మాట్లాడే హక్కు లేదు.

అతెలైత తొడ చరిచింది. "ఏడిశాడు! తనే మోసుకొచ్చి మేనత్త ఒళ్ళో పోశాడు!"

"వద్దు," అంది ఫుసి. "కేసు పెడతాడు. పోలీసుల్ని తెస్తాడు. అయినా అవ్వా, తోడబుట్టినవాడి శవం ముందు తగాదా పెట్టుకుంటావా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అబద్ధం కాదు కదా. నేను లోసలీనె వైపు చూశాను. ఆ పిల్ల నన్ను బతిమాలలేదు.

"ఫుసత్త చెప్పింది నిజమే," అంది. "కేసు పెడతాడు. ఇంకోటి కూడా. ఆచారం ఒక్కసారి ఆదుకుంటుంది. అవ్వ తర్వాత? కొట్టువాడికి మేనత్తలు కానివాళ్ళ మాటేంటి? రేపు మళ్ళీ ఫీజులొస్తాయి, మళ్ళీ ఆ బల్ల దగ్గరికే వెళ్తాం. చాపలు తెచ్చుకోవడం సగం పనే. పాఠం ఆపితే మళ్ళీ పోతాయి. అందుకని అవ్వ ఇచ్చిందని ఒక్కరూ అనొద్దు. మేం తీసుకున్నాం అనాలి. అనగలిగితేనే తీసుకుందాం."

చాలాసేపు వాదులాడుకున్నాం. తిట్టుకున్నాం కూడా. చివరికి ఫుసే అడిగింది: "మరి నడుములకేం చుట్టుకుందాం?"

హేమాసి బయటికెళ్ళి కొబ్బరి మట్టలు నరుక్కొచ్చాడు.

మర్నాడు మా ఊరు చావింటికి పచ్చి కొబ్బరాకులు చుట్టుకుని వచ్చింది. నల్లబట్టల మీద పచ్చాకు. బుట్టలల్లే ఆకు, పందుల దొడ్డికి దడి కట్టే ఆకు. ముందు పిల్లలు, వెనక తల్లులు. పాస్టరు గారి ప్రార్థన మధ్యలో తెగిపోయింది. సిడ్నీ చుట్టాలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. దొర పక్కవాణ్ణి అడిగాడు, "ఏమిటీ వేషం?" అని. పక్కవాడు నేల చూశాడు.

నేను తమ్ముడి తల దగ్గర కూచున్నాను. వాడి నుదురు చల్లగా ఉంది. ఏడుపు పాట ఎత్తాను, ఊరంతా అందుకుంది. అది నాటకం కాదు. కడుపులోంచి ఏడ్చాను. మట్టి చేసి వచ్చాం. అప్పుడు ఇల్లు నిండా జనం కూచుని ఉండగా పంచే వేళయింది. విలిసోని పెళ్ళాం చాపలు మడవబోయింది.

"ఉంచమ్మా," అన్నాను. "అది నా పని."

దొర కూచుని ఉన్నాడు. పాస్టరు కూచుని ఉన్నాడు. విలిసోని మొహం పాలిపోయింది. "అత్తా... దుప్పట్లు..." అన్నాడు.

"దుప్పట్లు దొర గారికివ్వు నాయనా, ఆయనకి చలి. ఈ చాప ఎవరు నేశారో లేచి చెప్పండి."

"నేను," అని అతెలైత లేచింది. చాప అందుకుని, "మేం తీసుకున్నాం," అంది.

"ఇది?"

"నేనూ మా అక్కా. మేం తీసుకున్నాం."

ఒక్కొక్కటే పైకెత్తాను, ఒక్కొక్కరే లేచారు. ఫుసి లేచినప్పుడు గుమ్మం దగ్గర నిలబడ్డ దాని మొగుడు కళ్ళు మూసుకున్నాడు. చివరికి సిసిలియా చాప ఎత్తాను.

"ఇది నేసిన చెయ్యి లేదు," అన్నాను.

లోసలీనె లేచింది. రెండు చేతులా అందుకుని మొహానికి ఆనించుకుంది. ఆ పిల్ల ఏమీ అనలేకపోయింది. వెనక నుంచి ఊరు అంది: "మేం తీసుకున్నాం."

విలిసోని నా దగ్గరికి వంగాడు. "ఇది దొంగతనం అత్తా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి.

"ఇంటి ధర్మం వేరని నువ్వేగా చెప్పావు," అన్నాను.

కొట్టు ధర్మం వారం తిరక్కముందే పడవెక్కి వచ్చింది. పోలీసులు, వాళ్ళ చేతిలో కోర్టు కాయితం. అదీ ఇంగ్లీషే. లోసలీనె చదివి మాకు చెప్పింది. గడువు దాటిన వస్తువులు విలిసోనివి, స్వాధీనం చెయ్యాలి, అడ్డుపడినవాళ్ళని పట్టుకోవాలి. మేం చాపలన్నీ పాకలోకి తెచ్చి వాటి మీద కూచున్నాం.

పోలీసు పెద్ద మా దీవి అల్లుడే. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అవ్వా, నన్నేం చెయ్యమంటావు? చట్టం. లేవండమ్మా."

"నీ పెళ్ళికి చుట్టుకున్న చాప ఎవరు నేశారురా?" అంది అతెలైత. "నడుం మర్చిపోయావా, చాప మర్చిపోయావా?"

అతను టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. వెనకున్న కుర్ర పోలీసులు ముసలివాళ్ళని రెక్కలు పట్టి లేపడం మొదలుపెట్టారు. ఫుసిని ఈడ్చారు. అడ్డొచ్చిన హేమాసిని లాఠీతో మోకాలి మీద కొట్టారు. ఒకడు సిసిలియా చాప కొస పట్టుకున్నాడు. రెండో కొస లోసలీనె పట్టుకుంది. విలిసోని గుమ్మంలోంచి అరిచాడు.

"జాగ్రత్తరా, చిరిగితే ఎందుకూ పనికిరాదు! చిరిగిన చాప సిడ్నీలో ఎవడూ కొనడు!"

ఆ మాట విని లోసలీనె లాగడం ఆపింది. చాప వంక చూసింది. తల్లి అల్లిన అంచు మీద ఒకసారి వేలు పెట్టి రాసింది. ఆ పిల్లకి ఈ లోకంలో ఉన్నది ఆ చాపొక్కటే. దానికోసమే గుమ్మడికాయలు తుడిచింది, దానికోసమే బడి చుట్టూ సభ చుట్టూ తిరిగింది. అది నాకు తెలుసు, పాకలో అందరికీ తెలుసు.

"అవ్వా, కత్తి ఇలా ఇయ్యి," అంది.

ఆకు చీల్చే కత్తి నా ఒళ్ళోనే ఉంది. ఇవ్వడానికి చెయ్యి రాలేదు. తనే తీసుకుంది. అంచు దగ్గర కత్తి పెట్టి, ఒక్క గుంజు గుంజింది. సన్నటి నేత చిరిగిన చప్పుడు ఎంత చిన్నదని! ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మా దగ్గర కొత్త చాప పెళ్ళికి కడతారు, చిరిగిన చాప చావుకి కడతారు. ఎంత చిరిగితే అంత పెద్ద దుఃఖం, అంత పెద్ద గౌరవం. లోసలీనె మొదటి పేలిక హేమాసి నడుముకి కట్టింది. రెండోది తను కట్టుకుంది.

"ఇప్పుడమ్ముకో అన్నా," అంది విలిసోనితో.

అతెలైత తన చాప కింద పరిచి కత్తి అందుకుంది. తర్వాత ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఏళ్ళ తరబడి అల్లిన వేళ్ళే కోశాయి. ఏడుస్తూ కోశాం. కోసి, పాక బయట నిలబడ్డ పిల్లల నడుములకి కట్టాం. మా ఊరి పిల్లలు, పక్క ఊళ్ళ పిల్లలు, ఎవరి నడుం దగ్గరుంటే వాళ్ళకి. పోలీసులు చేతులు దించేశారు. ఇంక పట్టుకుపోవడానికి అక్కడ చాపలు లేవు. ఉన్నది జనం.

ఎవరో ఒకర్ని పట్టుకుపోవాలి కదా. లోసలీనెని పట్టుకున్నారు. దొంగతనం, ఆస్తి నాశనం, రెచ్చగొట్టడం. రేవు దాకా ఊరంతా వెంట వెళ్ళాం. పడవెక్కే ముందు పోలీసు పెద్ద ఆ పిల్ల నడుం వంక చూసి, "అది విప్పెయ్యమ్మా, అది సాక్ష్యం," అన్నాడు.

"కోర్టుకి బోడి నడుంతో వెళ్ళమంటారా మామా?" అంది లోసలీనె.

అతను మొహం తిప్పుకున్నాడు. పేలికతోనే ఎక్కింది.

పడవ కదులుతుంటే నన్ను కేకేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "అవ్వా! రేపటి పాఠం పళ్ళకోతల కాయితం గురించి! హేమాసికి తెలుసు! ఆపొద్దు!"

ఆ పిల్లని రాజధానిలో, నుకుఅలోఫా జైల్లో పెట్టారు. బెయిలు ఇవ్వలేదు. విలిసోని కొత్త కాయితాలు అచ్చు వేయించాడు, ఈసారి ఇంకా సన్నటి అక్షరాలతో. ఫుసి మొగుడి ఉద్యోగం పోయింది. హేమాసి మోకాలు సరిగా అతకలేదు, కుంటుతున్నాడు. గెలిచామని నేను చెప్పను.

చాపలు మాత్రం తిరగడం మొదలుపెట్టాయి. పేలిక కట్టుకున్న పక్క ఊరి పిల్ల తన ఊళ్ళో పాఠం చెప్పింది. ఆ పేలిక విప్పి ఇంకో ఊరి కుర్రాడికి కట్టింది. సిసిలియా నేత నేను పేరు కూడా వినని లంకల్లోకి వెళ్ళింది.

తర్వాతి ఊరి సభకి పిల్లలు పేలికలతో వచ్చారు. నేల మీద కూచోలేదు.

ఊరి అధికారి బల్ల గుద్దాడు. "కూచోండి!"

హేమాసి కుంటుకుంటూ ముందుకొచ్చాడు. వెనకనించి వాళ్ళ నాన్న లేచాడు. అందరం చూశాం. కుర్రాడు మెడ బిగించి చెంప అప్పగించినట్టు నిలబడ్డాడు. ఆ తండ్రి నడుచుకుంటూ వచ్చి కొడుకు పక్కన నిలబడ్డాడు. చెయ్యి ఎత్తలేదు.

హేమాసి జేబులోంచి జానెడు చాప ముక్క తీసి బల్ల మీద పెట్టాడు. సభ వైపు తిరిగాడు.

"ఇది ఎవరిది?"

"మాది," అంది ఫుసి. ఊళ్ళో అందరికన్నా భయపడే ఫుసి.

అప్పుడే రేవులో పోలీసు పడవ కూత వినిపించింది. ఊరి అధికారి కిటికీలోంచి చూసి, "ఇదిగో, నేను కబురుపెట్టిన పోలీసులు వచ్చేశారు. మర్యాదగా కూచోండి," అన్నాడు.

ముసలిదాన్ని, మోకాళ్ళ నొప్పులదాన్ని, నేను కూడా లేచి నిలబడ్డాను. ఎవరూ కూచోలేదు.